జీతంలో కోసిన చలానా



పోయిన నెల పాశమైలారం వైపునుండి ఒక సహోదరి ఈ పేజీకి ఉత్తరం పంపింది. ఆమె భర్త ఒక ట్రావెల్స్ ఓనరు దగ్గర డ్రైవరు. రాత్రి షిఫ్టు దిగినవారిని ఇండ్ల దగ్గర దింపడం, పొద్దున షిఫ్టువారిని ఎక్కించుకొని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేర్చడం ఆయన పని. జీతం 16,000 రూపాయలు. రెండు నెలల్లో ఆ బండిమీద ఆరు ఓవర్‌స్పీడు చలానాలు పడ్డాయి. ఓనరు లెక్క కట్టి 6,210 రూపాయలు ఒకే నెల జీతంలో కోసి మిగిలినది చేతిలో పెట్టాడు. అది పిల్లల ఫీజు కట్టవలసిన నెల.

ఆమె మాటలు ఆమె రాసినట్టే ఇక్కడ పెడుతున్నాను. "అయ్యగారూ, ఆయన తాగి నడిపిండా, ఎవలనన్న గుద్దిండా? టైముకు పోకపోతే ఓనరు తిడతడు. టైముకు పోతే కెమెరా ఫోటో కొడతది. ఇట్లయితే లైసెన్సు గుంజుకుంటరని ఒకలంటున్నరు, ఇన్సూరెన్సు పెరుగుతదని ఒకలంటున్నరు. ఆ పైసలు అసలు ఎవలు కట్టాలె?"

ఉత్తరంలో ఉన్నవి మూడు ప్రశ్నలు. ఇవి ఆ ఒక్క ఇంటివి మాత్రమే కావు. మన ఆదివారపు ఆరాధనకు వచ్చేవారిలో బండి స్టీరింగు పట్టుకొని బ్రతికేవారు ఎంతమంది ఉన్నారో వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి. స్టాఫ్ బస్సులు, కంపెనీ క్యాబులు, డీసీఎంలు, ట్యాంకర్లు, స్కూలు వ్యాన్లు. డ్రైవరు లేని ఇంట్లో కనీసం మోటారు సైకిలుమీద డ్యూటీకి పోయే కొడుకైనా ఉంటాడు. అందుకే ఈసారి పేజీ అంతా ఈ విషయానికే ఇస్తున్నాను.

మన ప్రాంతం సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. పుణె నుండి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి జహీరాబాదు, సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా మన గుమ్మం ముందునుండే పోతుంది. పెద్దవాళ్ళు ఇప్పటికీ దానిని నైన్ నంబరు రోడ్డు అనే అంటారు. కంది దగ్గర ఐఐటీ, ఇస్నాపూర్ చౌరస్తా, లోపల పాశమైలారం, ఇటు బొల్లారం, జిన్నారం, ముందుకు పోతే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్. ముత్తంగి దగ్గర ఔటర్ రింగురోడ్డు ఈ రహదారిని దాటుతుంది. షిఫ్టు మారే వేళ ఇస్నాపూర్ దగ్గర నిలబడి చూస్తే, ఒకే తారు రోడ్డుమీద ముంబైనుండి వచ్చే పద్నాలుగు చక్రాల లారీ, మందుల కంపెనీ బస్సు, సైకిలుమీద క్యారేజి కట్టుకున్న కూలి, చేపల మార్కెట్టునుండి వచ్చే ఆటో అన్నీ ఒకదానిపక్క ఒకటి పోతుంటాయి. ఇటువంటి రోడ్డుమీద వేగం ఎంత ఉండాలో అనే మాట ఊరికే పుట్టలేదు.

ఔటర్‌మీద లెక్క వేరు. అక్కడ 2023 జులైలో గరిష్ఠ వేగాన్ని 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచారు. అయితే అది కుడివైపు రెండు లేన్లకు మాత్రమే. మూడు, నాలుగు లేన్లలో 80 దాటరాదు. డ్రైవర్లలో చాలామందికి 120 అనే అంకె ఒక్కటే చెవిన పడింది. ఎడమ లేనులో 95 మీద పోయి ఫోటో పడితే "ఔటర్‌మీద నూట ఇరవై కదా" అని వాదిస్తారు. పాతకాలంలో యెహూ రథం తోలే తీరును చూసి బురుజుమీద కావలివాడు, వచ్చేవాడు ఎవడో ముఖం కనబడక ముందే చెప్పేశాడు. ఇప్పటి కావలివాడు స్పీడ్‌గన్. అతనికి ముఖంతో పని లేదు, వెనుక నంబరు ప్లేటు కనబడితే చాలు.

మొదట చలానా అంటే ఏమిటో చూద్దాం. మన దేశంలో వేగ పరిమితి 1988 మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షనులో ఉంది, దానిని మీరినవానికి శిక్ష 183వ సెక్షనులో ఉంది. మొదట్లో ఆ శిక్ష మొదటిసారికి 400 రూపాయలదాకా, మళ్ళీ చేస్తే 1,000 దాకా ఉండేది. 2019లో చట్టాన్ని సవరించారు. ఆ సెప్టెంబరు 1 నుండి కారులాంటి తేలికపాటి వాహనానికి 1,000 నుండి 2,000, లారీ బస్సులవంటి వాటికి 2,000 నుండి 4,000 అని మారింది. రెండవసారి దొరికితే లైసెన్సును స్వాధీనం చేసుకోవచ్చునని కూడా రాశారు. పెరిగిన జరిమానాలు ప్రజలకు బరువవుతాయి గనుక ఇక్కడ అమలు చేయబోమని అదే నెలలో తెలంగాణ ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. అందుచేత మన వైపు సాధారణంగా కనబడే ఓవర్‌స్పీడు చలానా వెయ్యి రూపాయలు, దానిమీద 35 రూపాయల యూజర్ చార్జీ. సహోదరి పంపిన లెక్కలో ఆరు వెయ్యిముప్పై ఐదులు 6,210 అయినది ఇందుకే.

ఒకే వెయ్యి రూపాయలు ఒకరికి ఒకలాగ, మరొకరికి ఇంకొకలాగ తగులుతాయి. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ యజమానికి అది మధ్యాహ్న భోజనం బిల్లు, అతని డ్రైవరుకు రెండు రోజుల జీతం. ఫిన్లాండు దేశంలో ఈ తేడాను గమనించి, పెద్ద వేగానికి మనిషి ఆదాయాన్నిబట్టి జరిమానా వేస్తారు. 2023లో అక్కడ ఒక కోటీశ్వరుడు గంటకు 50 కిలోమీటర్లు పోవలసినచోట 82 మీద పోయి లక్షా ఇరవై ఒక్క వేల యూరోలు కట్టాడు. అంటే మన డబ్బులో కోటి రూపాయల పైమాటే. మన దగ్గర ఆ పద్ధతి వస్తుందని నేను ఆశపడడం లేదు. చలానా కాగితం పేదవాని ఇంట్లో ఎంత బరువుగా దిగుతుందో ఓనర్లు ఒకసారి ఆలోచిస్తారని చెప్పాను.

డిస్కౌంటు సంగతి కూడా ఇక్కడే అయిపోవాలి. 2022 మార్చిలో పాత చలానాలమీద మోటారు సైకిళ్ళకు, ఆటోలకు నూటికి 75 వంతులు, కార్లకు సగం మాఫీ చేశారు. మళ్ళీ 2023 డిసెంబరు 26 నుండి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 80 శాతం, కార్లకు లారీలకు 60 శాతం తగ్గించి, గడువు పొడిగిస్తూ 2024 ఫిబ్రవరిదాకా తెచ్చారు. పేదలకు అది మేలు చేసింది, కాదనను. కాని దానితో ఒక చెడ్డ అలవాటు కూడా నేర్పారు. పడినప్పుడే కట్టినవాడు వెర్రివాడయ్యాడు, కట్టకుండా కూర్చున్నవాడు తెలివిగలవాడయ్యాడు. ఇప్పుడు పదిహేను చలానాలు పేరుకుపోయినా "ఆఫర్ వస్తది లే" అని యౌవనస్థులు నవ్వుతున్నారు. జరిమానా అనేది బట్టల దుకాణంలో దసరా అమ్మకంలాగ మారితే దానిని చూసి వేగం తగ్గించేవాడు ఎవడు?

ఇక ఎవరు కట్టాలి అన్న ప్రశ్న. కెమెరా చలానా బండి నంబరుమీద పడుతుంది గనుక ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారికే వస్తుంది. బండి ఆ సమయంలో ఎవరు నడిపారో పోలీసులు అడిగితే చెప్పవలసిన బాధ్యత 133వ సెక్షనుప్రకారం ఓనరుదే. ఇంతవరకు అందరికి తెలిసినదే. తెలియని సంగతి 183వ సెక్షను లోపల ఉంది. ఈ సహోదరి ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది అదే.

ఆ సెక్షను వేగంగా నడిపినవాడిని మాత్రమే పట్టుకోవడం లేదు. తన దగ్గర పనిచేసేవానిచేత అలా నడిపించినవాడిని కూడా పట్టుకుంటుంది. అక్కడితో ఆగదు. ఒక ప్రయాణాన్ని ఇంత సమయంలో ముగించాలని ఎవరైనా టైంటేబులు ప్రకటించినా, ఆదేశం ఇచ్చినా, ఆ సమయంలో వేగ పరిమితి మీరకుండా చేరడం సాధ్యం కాదని కోర్టుకు తోస్తే, ఆ టైంటేబులే, ఆ ఆదేశమే, ఇచ్చినవాడు నేరం చేశాడనడానికి ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. అంటే, ఓనరు వాట్సాప్‌లో పెట్టిన "ఐదు నలభైకి సంగారెడ్డి పికప్, ఆరుకు గేటు దగ్గర ఉండాలె" అనే మాట కూడా చట్టం కంటికి కనబడే వస్తువే. ముప్పై ఏండ్లకు పైగా ఆ పుస్తకంలో ఈ మాట ఉంది. మన పారిశ్రామికవాడలో దీనిని ఎత్తి చూపిన డ్రైవరును నేను చూడలేదు, ఎత్తి చూపితే మరునాడు పని ఉండదేమోనన్న భయం కూడా నాకు అర్థమవుతుంది.

ఓనరు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. అతని మెడమీద కంపెనీవారి కాంట్రాక్టు ఉంటుంది. బండి ఆలస్యమైతే బిల్లులో కోత పడుతుంది. బ్యాంకు కిస్తీ ఆగదు. అందుచేత ఆయన దుర్మార్గుడని నేను అనడం లేదు. కాని న్యాయంగా లెక్క ఇలా ఉండాలి. టైము చాలినంత ఇచ్చి, డ్రైవరు చాయ్ దగ్గర కూర్చొని ఆలస్యం చేసుకొని తరువాత యాక్సిలరేటరు తొక్కితే ఆ చలానా డ్రైవరుది. ఇచ్చిన టైమే కురచదయితే ఆ చలానా టైము ఇచ్చినవానిది. మన సంఘాల్లో బండ్లు తిప్పే పెద్దలు కొందరున్నారు. నలభై నిమిషాల దారికి నలభై నిమిషాలు రాసి ఇవ్వండి. ఒక స్టాపు ఎక్కువ కలిపితే ఐదు నిమిషాలు ఎక్కువ కలపండి. పైసా ఖర్చు లేని పని ఇది.

సహోదరి భర్త చేయగలిగిన పని ఒకటుంది. ఆరు చలానాల కాగితాలు తీసుకొని, ఒక్కొక్కదానిమీద ఉన్న తేదీ, గంట, చోటు చూసుకోవాలి. చలానాలో బండి ఫోటో, అక్కడ ఉండవలసిన వేగం, కొలిచిన వేగం ఉంటాయి. ఆ రోజు తనకిచ్చిన ట్రిప్ షీటు పక్కన పెట్టాలి. ఆరూ ఒకే ట్రిప్పులో, ఒకే గంటలో పడి ఉంటే డ్రైవరు అలవాటుకన్నా ఆ ట్రిప్పు టైమే అనుమానించదగినది. ఆరు వేరువేరు వేళల్లో, ఖాళీ బండితో తిరిగి వచ్చేటప్పుడు కూడా పడి ఉంటే, అమ్మా, అప్పుడు ఆయన కాలు బరువుగా ఉన్నదని నీవు ఒప్పుకోవాలి. కోపంతో కాక కాగితాలతో ఓనరు దగ్గరికి పోతే మాట వినే అవకాశం ఎక్కువ.

చలానాయే తప్పనిపిస్తే, ఒక్కోసారి వేరే బండి నంబరు తప్పుగా చదివి మన నంబరుమీద వేస్తారు, ఫోటో చూసి పోలీసువారికి ఫిర్యాదు చేయవచ్చు. కెమెరా చలానా నోటీసు నేరం జరిగిన పదిహేను రోజుల లోపల పంపాలని 2021 ఆగస్టులో కేంద్ర నిబంధనల్లో చేర్చారు. కేవలం ఒక మనిషి "వేగంగా పోయినట్టు అనిపించింది" అన్నంతమాత్రాన శిక్ష వేయడానికి వీల్లేదని, యంత్రంతో కొలిచి ఉండాలని కూడా చట్టంలోనే ఉంది.

లైసెన్సు పోతుందా అన్నది రెండవ ప్రశ్న. తెలంగాణలో 2017 ఆగస్టు 1న పాయింట్ల పద్ధతి తెచ్చారు. హెల్మెటు లేకపోతే ఒక పాయింటు, పరిమితికన్నా 40 కిలోమీటర్ల లోపు ఎక్కువ పోతే రెండు, అంతకు మించితే మూడు, తాగి నడిపితే ఇంకా ఎక్కువ. రెండేండ్లలో 12 చేరితే లైసెన్సు ఒక ఏడాది రద్దు అని అప్పుడు పెట్టారు. వినడానికి గట్టి ఏర్పాటు. అయితే కెమెరాకు బండి నంబరు కనబడుతుంది గాని నడిపేవాని లైసెన్సు కనబడదు. రోడ్డుమీద ఆపి లైసెన్సు అడిగి రాసినప్పుడే ఆ లెక్క మనిషి పేరుమీదికి ఎక్కేది. కాబట్టి కెమెరా చలానాలు ఆరు పడినంతమాత్రాన లైసెన్సు పోయిందని సహోదరి బెంగపెట్టుకోనక్కరలేదు. కాని ఆ ధీమా ఎక్కువ దూరం తీసుకొనిపోకూడదు. ప్రజలకు ప్రమాదకరంగా నడిపేవాని లైసెన్సును ఆపే అధికారం 19వ సెక్షనుప్రకారం ఆర్‌టీఏ అధికారికి ఎప్పుడూ ఉంది. డ్రైవరుకు లైసెన్సు ఆరు నెలలు ఆగిందంటే ఇంట్లో పొయ్యి ఆరు నెలలు ఆగినట్టే.

ఇన్సూరెన్సు ప్రశ్నకు జవాబు దేశాన్నిబట్టి ఉంటుంది. మన సంఘంలో బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసి రిటైరయిన ఒక దంపతుల కుమారుడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్నాడు. అక్కడ పరిమితికన్నా 15 నుండి 29 మైళ్ళు ఎక్కువ పోతే లైసెన్సుమీద నాలుగు పాయింట్లు పడతాయి, 12 అయితే లైసెన్సు ఆపుతారు. అసలు దెబ్బ ఆ టికెట్ డబ్బులో లేదు. ఇన్సూరెన్సు కంపెనీ ప్రతి ఒక్కరి డ్రైవింగు రికార్డు తెప్పించి చూస్తుంది, టికెట్ కనబడితే ప్రీమియం పెంచుతుంది, చాలా కంపెనీలు మూడేండ్లదాకా దానిని గుర్తుపెట్టుకుంటాయి. అందుకే అక్కడికి వెళ్ళిన మన పిల్లలు ఇక్కడికి సెలవుకు వచ్చినప్పుడు కారులో వెనుక కూర్చొని "డాడీ, స్లో" అని అరుస్తుంటారు. వాళ్ళకు భక్తి పెరిగిందని తల్లిదండ్రులు అనుకుంటారు. అది ప్రీమియం భయం.

మన దేశంలో అలా లేదు. తప్పనిసరిగా తీసుకోవలసిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుండి ఇచ్చిన పట్టికలో 75 నుండి 150 సీసీ మోటారు సైకిలుకు 714 రూపాయలు, 1000 నుండి 1500 సీసీ కారుకు 3,416 రూపాయలు. ఇంజను పరిమాణమే చూస్తారు, చలానాలు చూడరు. 2021 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ నియమించిన బృందం ఒకటి, ట్రాఫిక్ తప్పులకు పాయింట్లు వేసి వాటినిబట్టి అదనపు ప్రీమియం వసూలు చేయాలని ఒక ముసాయిదా ఇచ్చింది. మొదట ఢిల్లీలో ప్రయోగించి చూడమన్నారు. ఎప్పుడో ఒకనాడు అది వస్తుందని నా అభిప్రాయం. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి గదా.

అలాగని వేగానికి ఇన్సూరెన్సుతో సంబంధం లేదనుకోవద్దు. అది చలానా దారిన గాక గుద్దుడు దారిన వస్తుంది. సొంత బండి నష్టానికి తీసుకునే పాలసీలో క్లెయిము చేయకుండా ఏడాది గడిస్తే 20 శాతం తగ్గింపు, రెండేండ్లకు 25, మూడింటికి 35, నాలుగింటికి 45, ఐదింటికి 50. దీనినే నో క్లెయిమ్ బోనస్ అంటారు. మీ కారుకు ఆ భాగం ప్రీమియం 8,000 అనుకుందాం. ఐదేండ్లు జాగ్రత్తగా నడిపి ఇప్పుడు 4,000 కడుతున్నారు. ఒక్కసారి ముందు బండిని గుద్ది క్లెయిము పెట్టారు. మరుసటి ఏడు 8,000. ఆ తరువాత 6,400, 6,000, 5,200, 4,400. మళ్ళీ 4,000కు దిగేసరికి మీరు పదివేలు అదనంగా కట్టి ఉంటారు. చిన్న సొట్టకు క్లెయిము పెట్టే ముందు ఈ లెక్క వేసుకోండి. మెకానిక్ అడిగేది నాలుగు వేలయితే చేతినుండి పెట్టుకోవడమే లాభం.

ఇంతకంటె బరువైన సంగతి ఇంకొకటి ఉంది. ఇది కుటుంబంలో భార్యాభర్తలు ఇద్దరూ కూర్చొని చదవాలి.

2025 జులై 2న సుప్రీం కోర్టు ఒక కేసులో ఆదేశం ఇచ్చింది. కర్ణాటకలో 2014 జూన్‌లో ఒక వ్యక్తి కుటుంబాన్ని కారులో తీసుకొని వేగంగా, నిర్లక్ష్యంగా నడిపినందున కారు బోల్తాపడింది. ఆయన చనిపోయాడు. భార్య, కుమారుడు, తల్లిదండ్రులు 80 లక్షల పరిహారం కోరారు. ట్రిబ్యునలు కాదంది, హైకోర్టు కాదంది, చివరకు సుప్రీం కోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. కారణం ఒకటే. ప్రమాదానికి ఆయన నిర్లక్ష్యమే కారణమైనప్పుడు ఆయన వారసులు ఇన్సూరెన్సు కంపెనీనుండి ఆ పరిహారం అడగలేరు. అందులో వేరే వాహనం తప్పేమీ లేదు.

థర్డ్ పార్టీ అనే మాటలోనే అర్థం ఉంది. అది మనం గుద్దిన ఎదుటివానికోసం. మనకోసం కాదు. మన బండి కింద పడి ఎవరైనా చనిపోతే వారి కుటుంబానికి ఎంత పరిహారమైనా ఆ పాలసీ భరిస్తుంది. నడిపేవానికి లైసెన్సు లేకపోతే కంపెనీ బాధితులకు మొదట చెల్లించి, తరువాత ఆ మొత్తం ఓనరునుండి రాబట్టుకుంటుంది. పదహారేండ్ల కొడుకుకు బండి తాళం ఇచ్చే తండ్రులు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. ఇల్లు అమ్మవలసి వస్తుంది.

మరి నడిపేవాని కుటుంబానికి ఏమి ఉంది? బండి ఓనరే నడుపుతూ చనిపోతే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది, ప్రీమియం రసీదులో ఓనరు డ్రైవరు పీఏ అని రాసి ఉందో లేదో చూసుకోండి. అది ఆర్‌సీలో పేరున్న ఓనరుకు, లైసెన్సు ఉంటేనే. తండ్రి పేరుమీద ఉన్న మోటారు సైకిలును కొడుకు నడిపి పడిపోతే ఆ 15 లక్షలు కొడుకుకు వర్తించవు. మన ఇండ్లలో సగం బండ్లు ఇటువంటివే. తండ్రి పేరుమీద కొన్నది, కొడుకు తొక్కేది. కొడుకు పేరుమీద మార్చండి, లేదా అతనికి వేరే ప్రమాద బీమా చేయండి, ఏడాదికి కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. ఈఎస్ఐ ఉన్న కార్మికుడు ఇంటినుండి డ్యూటీకి పోయే దారిలో, వచ్చే దారిలో ప్రమాదానికి గురైతే దానిని ఉద్యోగ ప్రమాదంగా పరిగణించే ఏర్పాటు 2010లో వచ్చింది. డ్యూటీ దారి కాకుండా స్నేహితుని పెండ్లికి పోతూ పడితే అది అక్కరకు రాదు. జీతంమీద నడిపే డ్రైవరయితే, ఓనరు తన పాలసీలో జీతపు డ్రైవరుకోసం ప్రీమియం కట్టాడా అని అడిగి చూడాలి. సహోదరీ, చలానా మాట్లాడడానికి పోయినప్పుడు ఇది కూడా అడగండి. 6,210కన్నా ఇది పెద్ద ప్రశ్న.

వేగంవల్ల ఎంత మిగులుతుందో ఒకసారి లెక్క వేద్దాం. 25 కిలోమీటర్ల దారి అనుకోండి. గంటకు 60 మీద పోతే 25 నిమిషాలు. 80 మీద పోతే 19 నిమిషాలకు కొంచెం తక్కువ. మిగిలినవి ఆరు నిమిషాలు, అదీ మధ్యలో ఒక్క సిగ్నలు, ఒక్క గేదె అడ్డం రాకపోతే. కాని గుద్దినప్పుడు దెబ్బ బలం వేగంతో సమానంగా పెరగదు. 60 నుండి 80కి పోతే వేగం మూడో వంతే పెరిగింది, దెబ్బ బలం ఇంచుమించు ముప్పాతిక వంతు పెరుగుతుంది. 80 మీద బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. సెల్‌ఫోను చూసి తల ఎత్తేలోపు చర్చి ఆవరణ ఈ గోడనుండి ఆ గోడదాకా దాటిపోయినట్టు. అందుకే ట్యాంకర్లకు, టిప్పర్లకు, స్కూలు బస్సులకు 60 దాటకుండా స్పీడ్ గవర్నరు ఉండాలని నిబంధన పెట్టారు. ఆ గవర్నరు వైరు పీకి తిరిగే బండ్లు ఎన్ని ఉన్నాయో షెడ్డులో పనిచేసే మన సహోదరులకు తెలుసు.

కేంద్ర రవాణా శాఖ లెక్కప్రకారం 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మంది మరణాలు అతివేగం కింద రాసినవే. 2024 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున కంటోన్మెంటు శాసనసభ్యురాలు లాస్య నందిత మన పటాన్‌చెరు దగ్గర ఔటర్‌మీదే కారు ప్రమాదంలో చనిపోయారు. ఆమె తండ్రి సాయన్న పోయి అప్పటికి ఇంచుమించు ఒక ఏడాది అయింది. తెల్లవారుజాము మూడు నుండి ఆరు వరకు కన్ను మూతపడే వేళ. రాత్రి షిఫ్టు క్యాబులు తిరిగేది కూడా ఆ వేళలోనే. ఆ వేళలో రోడ్డు ఖాళీగా ఉంటుంది గనుక వేగం కూడా తెలియకుండానే ఎక్కుతుంది.

జిన్నారం నుండి ఇంకొక పాఠకుడు అడిగిన చిన్న ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను. ఆయన మూడేండ్లక్రితం తన మోటారు సైకిలును అమ్మేశాడు. కొన్నవాడు ఆర్‌సీ మార్చుకోలేదు. చలానాలు ఈయన ఫోనుకే వస్తున్నాయి. అయ్యా, చలానాలు మీ కష్టంలో చిన్నవి. బండి అమ్మిన పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీఏ ఆఫీసుకు తెలియజేయవలసిన బాధ్యత అమ్మినవానిది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే ఓనరని, ప్రమాద పరిహారం బాధ్యత కూడా వారిదేనని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ బండికి ఇన్సూరెన్సు అయిపోయి ఉండి, రేపు అది ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికి వస్తుంది. కొన్నవాని ఆధార్ నకలు, సంతకం పెట్టిన కాగితాలు ఉంటే ఈ వారమే తీసుకొని సంగారెడ్డి ఆర్‌టీఏ ఆఫీసుకు పొండి. కాగితాలు లేకపోతే కొన్నవాని ఇంటికి మీతోపాటు నేను కూడా వస్తాను.

"మీకు చలానా పడింది, ఈ ఫైలు తెరవండి" అని తెలియని నంబరునుండి వాట్సాప్ వస్తే మాత్రం తెరవవద్దు. చివర ఏపీకే అని ఉన్న ఫైలు నొక్కితే ఫోనులోని బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. చలానా ఉందో లేదో పోలీసు శాఖ ఈ-చలానా సైటులో బండి నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు. చేతకానివారు ఆదివారం ఆరాధన అయిన తరువాత ఆర్‌సీ పట్టుకొని రండి, మన యౌవనస్థులు చూసి పెడతారు.